ఓళిగ మీద కోడితునక

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను కల్లూరులో కొత్తగా తెరిచిన ఒక హోటలుకు పట్టుకుపోయింది. నా కొడుకు కూతురది, బెంగళూరులో హాస్టలు కూడు తిని చదువుకుని, అక్కడే ఉద్యోగంలో చేరి, ఎప్పుడో పండగకో పబ్బానికో ఒక పూట కనిపించే పిల్ల. అది రమ్మంటే కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఏం తెప్పిస్తోందో చెప్పకుండా తెప్పించింది. పళ్ళెంలో గళ్ళు గళ్ళుగా ఒత్తిన తీపిరొట్టె, వాఫిల్ అంటారట, దాని మీద ఎర్రగా వేయించిన కోడికాళ్ళు రెండు, ఆ పైన ధారగా పోసిన పాకం. నా వయసువాళ్ళు ఎవరైనా తీపి మీద మాంసమేమిటని ముక్కు విరుస్తారు. నేను మాత్రం చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను. ఆ తిండి నేను ఇదివరకే చూశాను. అప్పుడది పోయినవాళ్ళ కోసం పెట్టిన విస్తట్లో ఉంది.

మైదుకూరు పక్క పల్లె మాది. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, తిండి దగ్గర వింత మనిషి. ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసిన రోజు కోడి కూడా కోస్తే ఎవరైనా తీపి తినడం ముగించాకే కారం ముట్టుకుంటారు కదా, ఆయన ఓళిగను విస్తట్లో పరిచి, దాని మీద వేయించిన కోడితునక పెట్టి, పైన బెల్లంపాకం పోయించుకుని తినేవాడు. చివర ఓళిగ ముక్క ఒకటి మిగిల్చి, బొమికెలన్నీ దాని కింద దాచి లేచేవాడు. వేవిళ్ళు నీకా నీ పెండ్లానికా అని మా జేజి, ఆయన్ను కన్నతల్లి, ఎకసెక్కెం చేసేది. చిన్నమ్మ తల వంచుకుని నవ్వుకునేది.

శ్రీశైలంలో డ్యాం కడుతున్న రోజుల్లో ఆయన అక్కడికి పనికి పోయాడు. మొదట్లో వచ్చిపోయేవాళ్ళతో కబురు పంపేవాడు, తర్వాత అదీ ఆగిపోయింది. మా నాయన వెతుక్కుంటూ పోతే, అడవిదారి పట్టి ఎటో పోయాడని ఒకరు, అలాంటి మనిషే ఇక్కడ లేడని ఇంకొకరు చెప్పారు. పిల్లాజెల్లా లేని చిన్నమ్మ బొట్టూ గాజులూ ఆ తెలియనితనం మీదే నిలిచి ఉన్నాయి. కొన్నేళ్ళు చూసి, బంధువుల మాట పడలేక, ఈసారి పెద్దల అమావాస్యకు వాడికీ ఒక విస్తరి పెడదామని జేజి గుండె రాయి చేసుకుంది. బతికున్న మనిషికి పెడితే మన చేతులతో మనమే చంపినట్టని చిన్నమ్మ ఏడ్చింది గానీ, ఆమె మాట వినేదెవరు?

మా ఇంట్లో పెద్దలకు పెట్టే పద్ధతి ఒకటుండేది. కిటికీ లేని నడిమింట్లో పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, గడప లోపల సన్నని బూడిద చల్లి, తలుపుకు గొళ్ళెం పెట్టి, అందరం మాటా పలుకూ లేకుండా వసారాలో కూర్చునేవాళ్ళం. పెద్దలు వస్తారు, చూపుతోనే తింటారు, వాళ్ళ అడుగు బూడిదలో పడదు, విస్తళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి అనేది మా జేజి. ఏ ఏడు చూసినా అలాగే ఉండేవి. ఆ ఏడు చివరి విస్తట్లో ఓళిగ, దాని మీద కోడితునకలు, పైన పాకం. పాకం జేజే తన చేత్తో పోసింది.

తలుపు తీసినప్పుడు ముందు నిలబడింది నేనే. బూడిద నలగలేదు, మిగతా విస్తళ్ళు చెదరలేదు. చిన్నాయన విస్తట్లో కోడితునకలు లేవు. ఓళిగ ముక్క ఒకటి మాత్రం మిగిలి, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. జేజి వేలితో దాని అంచు ఎత్తింది. కింద బొమికెలు ఉన్నాయి.

జేజి ఉన్నచోటే కూలబడింది. "అడుగు పడల్యా సూడండి. ఇంగ నా కొడుకు లేడు," అంది.

చిన్నమ్మ ముందుకొచ్చి ఆ విస్తరి దగ్గర వంగి చూసింది. ఎప్పుడూ అత్త ఎదుట నోరెత్తని మనిషి, నెమ్మదిగా అంది. "పెద్దోళ్ళు సూపుతో తింటారంటివి గదత్తా. ఈయన నమిలి తిన్యాడు. ఆకలయ్యేది బతికినోళ్ళకే."

చిన్నమ్మ గాజుల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. బొట్టుతోనే బతికి బొట్టుతోనే పోయింది. ఆయన ఏ రాత్రి వస్తాడోనని, పోయేదాకా ఆ ఇంటి దొడ్డివాకిలికి గడియ పెట్టనివ్వలేదు. జేజి మాత్రం ఏటేటా కొడుక్కు విస్తరి పెడుతూనే ఉండేది, మళ్ళీ ఎన్నడూ అది చెదరలేదు. ఒకే ఇంట్లో ఆ మనిషి ఒకరికి బతికీ, ఒకరికి చచ్చీ అన్నేళ్ళు ఉన్నాడు.

హోటల్లో నేనిలా పాత తలపుల్లో ఉంటే, నా పళ్ళెం చల్లారిపోతోందని మనవరాలు అందులోంచే తినడం మొదలుపెట్టిందట. తేరుకుని చూసేసరికి ఒక కోడికాలు లేదు. పళ్ళెం ఆ పక్క, తుంచి వదిలిన రొట్టె ముక్క కొంచెం ఉబ్బెత్తుగా కనిపించింది. వేలితో దాని అంచు ఎత్తాను. కింద బొమికె ఉంది.

"బొమికెలు ఆడ పెట్టేది ఎవరు నేర్పినారే నీకు?"

అది ఫోనులోంచి తల ఎత్తింది. "ఎవరూ నేర్పలేదు జేజీ. చిన్నప్పటినుంచీ అట్లే పెడతా."

మిగిలింది నేను తిన్నాను. భయపడుతూనే తిన్నాను గానీ, బాగుంది. తీపీ కారం కలిసి నాలుక మీద అలా దిగుతుంటే, చిన్నాయన దాన్ని ఎందుకంత ఇష్టంగా తినేవాడో ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇప్పుడు ఎవరు ఎక్కడున్నారో చేతిలోని ఫోనే చెబుతుంది. జాడ తెలియని మనిషి కోసం ఇల్లంతా చెవులు రిక్కించి కూర్చోవడమంటే ఏమిటో ఈ పిల్లలకు చెప్పినా తెలియదు, తెలియకపోవడమే మంచిదేమో. ఆయన కోసం ఎదురుచూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వస్తే గుర్తుపట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను. ఆ సాయంత్రం మా కోడలు దొడ్డివాకిలికి గడియ పెట్టబోతే వద్దన్నాను. ఎందుకత్తా అని అడిగింది. గాలి రానీలే అన్నాను.