క్యాసెట్‌లో టక్కు

నా చిన్నప్పుడు సౌదీలో, అల్ ఖోబర్‌లోని మా ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం కాసేపు ఏసీ ఆపేసేవారు. మా పేట అజీజియాలో ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ మాట వింటేనే చెమట పడుతుంది. ఏసీ చప్పుడు క్యాసెట్‌లోకి ఎక్కుతుందని పక్కింటి మావయ్య ఆజ్ఞ. కిటికీలు కూడా మూసేవారు. పరాయి దేశంలో పదిమంది చేరి రాజకీయాలు మాట్లాడుకుంటున్నారని బయటికి తెలియకూడదు కదా! ఎవరైనా అడిగితే భోజనాలకి వచ్చామని చెప్పాలి. అమ్మ చేపల పులుసు ఎలాగూ ఉండేది కాబట్టి అది పూర్తి అబద్ధం కూడా కాదు.

పక్కింటి మావయ్య మాకు చుట్టం కాదు. మా నాన్నదీ ఆయనదీ కోనసీమలో పక్కపక్క ఊళ్ళు. ఇద్దరికీ ధహ్రాన్‌లో ఉద్యోగాలు, ఇద్దరికీ రాజకీయాల పిచ్చి, ఇద్దరిదీ ఒకటే పార్టీ. మావయ్య భార్యాపిల్లలు ఊళ్ళో ఉండేవారు కనుక ఆయన భోజనం మా ఇంట్లోనే. సెలవు నుంచి వచ్చినవాళ్ళు తెచ్చిన పాత తెలుగు పేపర్లన్నీ చదివి, శుక్రవారం నాన్నా ఆయనా టేప్ రికార్డర్ ముందు కూర్చుని మా ప్రాంతం రాజకీయాల మీద మాట్లాడేవారు. ఆ క్యాసెట్‌కి నకళ్ళు తీసి లారీ డ్రైవర్ల చేత దూరంగా ఉన్నవాళ్ళకి పంపేవారు. ఉనైజాలో ఖర్జూరం తోటల్లో పనిచేసే మనవాళ్ళు దాని కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేవారట. ఊళ్ళో ఎవరికి ఓటు వెయ్యాలో ఆ క్యాసెట్ విని ఇంటికి కబురు పంపేవాళ్ళు కూడా ఉండేవారు.

రికార్డర్ మీద రెండు మీటలు ఒకేసారి నొక్కడం నా ఉద్యోగం. జీతం ఒక కూల్ డ్రింక్.

నా తెలుగు అప్పట్లో అంతంతమాత్రం. వీధిలో పాకిస్తానీ పిల్లలతో ఆడి ఆడి, ‘హమారా’ అన్నట్టే అన్నిటికీ ‘మన’ అనేదాన్ని. ఎవరైనా తలుపు కొడితే వెళ్ళి, ‘మన నాన్న ఇంట్లో లేడు, మన అమ్మ డ్యూటీకి వెళ్ళింది’ అనేదాన్ని. వచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. మావయ్య మాత్రం నవ్వకుండా నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ‘మా’ అంటే తలుపేసుకుని లోపల్నుంచి మాట్లాడ్డం, ‘మన’ అంటే తలుపు తీసి ఎదుటివాణ్ణి కూడా లోపలికి రమ్మనడం అని. ఆ రోజు నుంచి ఎవరు మా అన్నారో, ఎవరు మన అన్నారో పట్టిపట్టి వినడం నాకొక ఆట అయిపోయింది. మావయ్య ప్రతి క్యాసెట్‌నీ ‘మన నాయకుడు’ అనే మొదలుపెట్టేవాడు. ఆ మాట దగ్గర నాకు ఎందుకో గర్వంగా ఉండేది.

ఆ నాయకుడు మా వైపు మనిషి. ఎన్నికలప్పుడు సభలో ఒక మాట అన్నాడు. గల్ఫ్‌లో ఉన్న మన బిడ్డలకి ఏ కష్టం వచ్చినా, ఏ వేళలోనైనా నా ఇంటి తలుపు తట్టండి అన్నాడు. మావయ్య ఆ మాటని ఎన్ని క్యాసెట్లలో చెప్పాడో! చెప్పినప్పుడల్లా ఆయన గొంతు వణికేది. ఇంతవరకూ మనల్ని తలుచుకున్న నాయకుడు లేడమ్మా అనేవాడు అమ్మతో. ఆయన గెలిచాడు, పదవిలోకి వచ్చాడు. మా ఇంట్లో లడ్డూలు పంచారు.

ఆ తర్వాత ఎండాకాలంలో ఉనైజాలో ఒకాయన తోటలో పనిచేస్తూనే కుప్పకూలి పోయాడు. మా వైపు మనిషే. శవం ఆస్పత్రిలో ఉండిపోయింది. పనిలో పెట్టుకున్న కఫీల్ సంతకం కోసం ఒకరు, ఎంబసీ కాగితాల కోసం ఒకరు తిరుగుతూనే ఉన్నారు. ఊళ్ళో ఆయన భార్య, ఆ సమయానికి సెలవులో ఉన్న తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నాయకుడి ఇంటికి వెళ్ళింది. భర్త ఇంటికి పంపిన మావయ్య క్యాసెట్ ఆవిడా విన్నది. చెప్పినట్టే తలుపు తట్టింది.

ఆ తమ్ముడు సెలవు అయిపోయి తిరిగొచ్చి, ఉనైజా వెళ్ళేముందు ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చాడు. సన్నగా, చాలా చిన్నవాడిలా ఉండేవాడు. అమ్మ పెట్టిన కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నం కలిపినట్టే ఉంచి చెప్పాడు.

“తలుపైతే తీసేరండి. బోలెడుమంది ఉన్నారండి అక్కడ. అక్క కాళ్ళమీద పడబోతే ఆయన ఎనక్కి జరిగి, ‘ఎవడెళ్ళమన్నాడమ్మా మీవాణ్ణి అక్కడికి?’ అన్నాడండి. అందరూ నవ్వేరండి.”

అంతే చెప్పాడు. శవం ఊరికి వెళ్ళలేదు. చివరికి ఇక్కడే మట్టి చేశారు. ఆవిడ ఆఖరిచూపుకి కూడా నోచుకోలేదు. నర్సుగా ఎన్ని చావులు చూసిందో మా అమ్మ, ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

భోజనాలు అయ్యాయో లేదో కూడా నాకు గుర్తులేదు. ఏసీ ఆపారు. క్యాసెట్ పెట్టారు. కానీ నాన్నా మావయ్యా రికార్డర్ ముందు కూర్చుని వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరి మనసూ విరిగిపోయింది, అందులో తేడా లేదు. నాన్న తెంచేసుకుందామన్నాడు.

“ఇంక వాడు మనోడు కాదు బావా. వాడి పేరెత్తొద్దు. వాడెవడో, మనమెవరమో.”

“ఓట్లప్పుడు మనోడన్నది మనమే కదా. ఇప్పుడు కాదనేస్తే మన చేతులు శుభ్రమైపోతాయా? ఆవిడ తలుపు తట్టింది నా మాట మీద.”

“అయితే ఏం చేస్తావు? ఊరంతా వినేలా మన పరువు మనమే తీసుకుంటావా?”

మావయ్య నా వైపు చూసి తలూపాడు. నేను మీటలు నొక్కాను. నాన్న కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఆ రోజు క్యాసెట్‌లో నాన్న గొంతు లేదు. ఆ తర్వాత ఏ క్యాసెట్‌లోనూ లేదు.

మావయ్య గొంతు సవరించుకుని, “ఆ నాయకుడు అన్న ఒక మాట మీకు చెప్పాలి” అని మొదలుపెట్టాడు. నేను ఎప్పటిలాగే ఆ మాట కోసం చెవి రిక్కించుకుని ఉన్నాను. రాలేదు. రికార్డింగ్ జరుగుతుండగా మాట్లాడకూడదని తెలిసి కూడా నోరు ఊరుకోలేదు. “మావయ్యా, నువ్వు ‘మన’ అనలేదు” అన్నాను.

నాన్న కసిరాడు. మావయ్య చెయ్యెత్తి నాన్నని ఆపాడు. చాలాసేపు నన్నే చూశాడు. చెమట ఆయన కనుబొమల మీంచి కారుతూ ఉంది. కొట్టేస్తాడేమో అనుకున్నాను. కళ్ళు మాత్రం కొట్టే మనిషి కళ్ళలా లేవు.

“నిజమేనమ్మా. తలుపేసేసుకున్నాను కదూ,” అన్నాడు. “వెనక్కి తిప్పు.”

తిప్పాను. మళ్ళీ రెండు మీటలూ నొక్కాను. అప్పుడు ఆయన చెప్పింది నాకు ఇవాళ్టికీ దాదాపు మాట మాటా గుర్తుంది. మన నాయకుడు తప్పు మాట అన్నాడు. ఆ తలుపు తట్టమని మీకు చెప్పింది నేను. గెలిచినప్పుడు మనవాడన్నాను, లడ్డూ తిన్నాను, ఇవాళ మనవాడు కాదని తప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. మనవాడు కాబట్టే అడుగుతున్నాను, ఆ ఇల్లాలి గుమ్మంలోకి వెళ్ళి క్షమాపణ చెప్పమని. అంతవరకూ ఆయన్ని నమ్మమని మీకెవరికీ నేను చెప్పను, నాకే నమ్మకం లేదు కాబట్టి. ఇంతే. ఎప్పుడూ క్యాసెట్ రెండువైపులా నిండేది. ఆ రోజు ఒక వైపు సగం కూడా కాలేదు.

నాయకుడు ఏ గుమ్మంలోకీ వెళ్ళలేదు. మా గుమ్మంలోకి మాత్రం తిట్లు వచ్చాయి. అందుకు కారణం, తెలియక నేను చేసిన చప్పుడు. వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కినప్పుడు సరిగ్గా ‘మన’ అన్న మాటకి ముందు టేపులో ‘టక్’మని ఒక శబ్దం పడింది. తోటల్లో ఒక్కో ముక్కా పదేసిసార్లు వినే జనం అది పట్టేశారు. అక్కడ ఏదో చెరిపారన్నారు. ఎవరో పక్కన కూర్చుని మాట మార్పించారన్నారు. అవతలి పార్టీకి అమ్ముడుపోయాడని, ఆ టక్కులోనే ఉంది అసలు టక్కంతా అని వెటకారాలాడారు. మోసాన్నీ టక్కు అంటారని నాకు అప్పుడే తెలిసింది. శుక్రవారాలు పలచబడ్డాయి. అమ్మ ఎప్పటిలాగే పులుసు పెద్ద గిన్నెతో కాచి, మిగిలింది శనివారం మాకు పోసేది.

ఇది చూసి అవతలి పార్టీ వాళ్ళు బక్లావా మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చారు. చాలా మర్యాదగా, మా వైపు వచ్చేయండి సార్ అన్నారు. వాళ్ళు వెళ్ళాక మావయ్య నన్ను చూసి, “విన్నావా, ‘మా’ వైపట” అని నవ్వాడు. ఆ డబ్బా మూత తియ్యలేదు. అలా ఆ మనిషి రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. ఇవతలివాళ్ళు పలకరించలేదు, అవతలివాళ్ళ పలకరింపు ఆయనకి అక్కర్లేదు.

నాకు ఉక్రోషం ఆగేది కాదు. అక్కడ చెరిపింది ‘ఆ’ అన్న ఒక్క అక్షరమని, దాన్ని చెరిపించింది నేనని అందరికీ చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. “నన్ను నమ్మినవాళ్ళకి అది చెప్పక్కర్లేదు. నమ్మనివాళ్ళకి అది కూడా టక్కులాగే వినిపిస్తుందమ్మా” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వాడు గానీ, అంత దిగులు నవ్వు నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు.

కొన్నాళ్ళకి ఆయన ఉద్యోగం వదిలేశాడు. పాస్‌పోర్టులో ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. ఎన్ని ఏళ్ళు ఎంతమందిని విమానం ఎక్కించాడో, తనని ఎక్కించడానికి మేము తప్ప ఎవరూ రాలేదు. ఎయిర్‌పోర్టు బయట నాన్న ఆయన సూట్‌కేసు మోస్తూ నడిచాడు. తాను ఒక్కమాట క్యాసెట్‌లో పలకనందుకు నాన్న లోపల ఎంత నలిగాడో నాకు తెలియదు, ఆ సూట్‌కేసుని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

లోపలికి వెళ్ళబోతుండగా ఉనైజా కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఖర్జూరాల అట్టపెట్టె ఉంది. రాత్రంతా ఏదో లారీలో వచ్చాడట. మావయ్యకి ఆ పెట్టె ఇచ్చి, ఊపిరి తీసుకుని అన్నాడు.

“మా అక్క ఇన్నాదండి ఆ క్యాసెట్టు. ఇంటికి రమ్మన్నాదండి మిమ్మల్ని. ఆయనేమో ‘మీవాడు’ అన్నాడు గదండీ ఆరోజు, నలుగుర్లో. ఈయన తప్పు చెప్పేటప్పుడు కూడా ‘మన’ అన్నాడ్రా, మనల్ని కూడా లెక్కలో ఉంచేడు అన్నాదండి. ఆయ్, తలుపు తట్టక్కర్లేదు, తీసే ఉంటాది అని చెప్పమన్నాదండి.”

మావయ్య ఆ అట్టపెట్టెని రెండు చేతులా గుండెకి పట్టుకుని నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అమ్మ తన కొంగుతో తుడిచింది. మా నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మావయ్య పోయి చాలా ఏళ్ళైంది. ఆవిడ ఇంటికి వెళ్ళాడని, ఆ ఇంట భోజనం చేశాడని, ఆ తర్వాత మళ్ళీ ఏ నాయకుడి గురించీ నోరు విప్పలేదని విన్నాను. ఆ చివరి ముక్క విన్నప్పుడల్లా నా గుండె కలుక్కుమంటుంది. అంత మంచి గొంతు అలా మూగబోవలసింది కాదు.

అమ్మలాగే నేనూ నర్సునై, అదే అల్ ఖోబర్‌లో ఉద్యోగం చేస్తూ ముసలిదాన్నవుతున్నాను. ఇప్పుడు క్యాసెట్లు లేవు. డ్యూటీ గదిలో కుర్ర నర్సుల ఫోన్లలో పొద్దస్తమానం రాజకీయాలే. నిన్నటిదాకా ఒక నాయకుణ్ణి నెత్తిన పెట్టుకుని ఊరేగినవాడు ఇవాళ అదే ఫోనులో ‘వాళ్ళ సంగతి నాకు ముందే తెలుసు’ అంటాడు. పిల్లలు నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు. ఆ ‘వాళ్ళ’ అన్న మాట దగ్గర ఒక తలుపు మూసుకున్న చప్పుడు వినిపిస్తుంది.

నాకూ ఒక పార్టీ ఉంది. నాకూ మనసు విరిగింది, ఈమధ్యనే. ఊరి వాట్సాప్ గ్రూపులో నా మాట రికార్డు చేసి పెడదామని మొన్న ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. ‘ఆ నాయకుడు’ అని మొదలుపెట్టేశాను. ఆగి, చెరిపేశాను. లేచి వెళ్ళి ఏసీ ఆపి వచ్చి, మళ్ళీ నొక్కాను. ఈ ఫోన్లు చప్పుడు చెయ్యవు. అయినా ‘మన’ అనే ముందు నాకు మాత్రం టక్‌మని వినిపించింది.