ఎడమ పక్క తిప్పితే నిలిచిపోయే బండి

అది 2005. కృష్ణగిరికి ఈ పక్క, గురుబరపల్లి దగ్గర హైవే వెడల్పు చేసే పని జరుగుతా ఉండింది. నేను హోసూరులో పెద్ద యంత్రాలు అమ్మి, సర్వీసు చేసే ఒక కంపెనీలో సర్వీస్ ఇంజనీరును. మత్తిగిరిలో కాపురం.

మట్టి, రాళ్ళు తవ్వి ఎత్తే ఎక్స్‌కవేటర్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తా ఉండినాయి. ఇంజన్‌కు ఒక కంట్రోలర్, పంపులకు ఇంకొకటి, ఆపరేటర్ ముందర ఒక మానిటర్. ఈ మూడూ మాట్లాడుకునేది జడ మాదిరి పెనవేసిన రెండు సన్నటి వైర్ల మీద. దాన్ని క్యాన్ బస్ అంటారు. ఆ మాట తెగితే మానిటర్ మీద 'కమ్యూనికేషన్ ఎర్రర్' అని పడుతుంది, బండి నిలిచిపోతుంది.

ఆ హైవే సైటులో మేము అమ్మిన ఎక్స్‌కవేటర్ ఒకటి అట్లే నిలుస్తా ఉండింది. మా ఆఫీసు నుంచి నాకు ముందు ఇద్దరు పోయినారు. ల్యాప్‌టాప్ తగిలించినారు, ఎర్రర్ కోడ్ చూసినారు, ఒకసారి కంట్రోలర్, ఒకసారి మానిటర్ మార్చి వచ్చినారు. రెండు రోజులు బాగుండేది, మళ్ళా నిలిచేది. ఒక పొద్దు బకెట్ నిండా రాళ్ళు ఎత్తి తిరుగుతా ఉన్నప్పుడు బండి టక్కున నిలిచింది. ఆ కుదుపుకు ఒక బండరాయి జారి, కింద కాలువకు రాళ్ళు పేరుస్తా ఉన్న లచ్చమ్మ అనే కూలామె మీద పడింది. కాలు విరిగింది. ఆ పొద్దే ఆపరేటర్ మునియప్పను పనిలోంచి తీసేసినారు. తాగి బండి నడిపినాడని సైట్ ఇంజనీరు అందరికీ చెప్పినాడు.

మా మేనేజర్ నన్ను పిలిచి, పోయి నాలుగు ఫోటోలు తీసుకో, ఆపరేటర్ తప్పు అని రిపోర్ట్ రాసి రా, మిగతాది నేను చూసుకుంటాను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని పోయినాను. ఆ మూసుకున్న నోటికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

బండి ఆపి, రెండు వైర్ల మధ్య మీటర్ పెట్టినాను. అరవై ఓమ్‌లు. వైర్లకు రెండు కొసల్లో నూటిరవై ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. రెండూ ప్యారలల్‌లో కలిసి సగం, అంటే అరవై చూపిస్తే వైర్లు బాగున్నట్టు లెక్క. ముందు పోయినవాళ్ళ కాగితాల్లోనూ అదే అరవై. సైట్ ఇంజనీరు నవ్వి, మీ మీటరే చెప్తా ఉంది కదా, బండిలో ఏమీ లేదు, సంతకం పెట్టిపోండి అన్నాడు. పాత ఆపరేటర్ను పిలిపించమన్నాను. వాడు ఈడ కాలు పెట్టకూడదు అన్నాడు. అయితే నా సంతకమూ లేదు అన్నాను. ఒక గంట గొడవ పడినాక మనిషిని పంపించినాడు.

మునియప్ప పక్క పల్లె నుంచి సైకిల్ మీద వచ్చినాడు. నలభై దాటిన మనిషి. బోరు ఎండిపోయి సేద్యం నడవక బండి నేర్చుకున్నాడంట. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏమి జరుగుతా ఉండిందో నువ్వే చెప్పన్నా," అన్నాను.

"మొదటి పొద్దే చెప్పినాను సార్. బకెట్లో బరువుండి, ఎడమ పక్కకి తిప్పితేనే నిలుస్తుంది. కుడి పక్కకి తిప్పితే ఏమీ కాదు. మీవాళ్ళిద్దరికీ చెప్పినాను. వాళ్ళు కంప్యూటర్నే చూస్తా ఉన్నారు."

తాగినావంటున్నారే అని అడిగినాను.

"నేను తాగేవాణ్ణి కాదు సార్. మా ఊర్లో ఎవర్నన్నా అడుగు. లచ్చమ్మ మా వీధి మనిషి. ఆమె ముందర నేను తల ఎట్ల ఎత్తేది?"

చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ దూరంగా పంపించినాను. మీటర్ వైర్లు పొడుగు చేసి, మునియప్ప బండి నడుపుతా ఉండగానే క్యాన్ లైన్ వోల్టేజ్ చూసినాను. కుడి పక్కకి తిప్పితే రెండున్నర వోల్టుల దగ్గర్నే ఉంది. రాళ్ళు ఎత్తి ఎడమ పక్కకి తిప్పినాడు. మీటర్ సున్నాకు పడింది, బండి నిలిచిపోయింది.

కవర్ విప్పినాము. ఎడమకు తిప్పే హైడ్రాలిక్ హోస్, ఆయిల్ పోయే లావు గొట్టం, బరువు పడినప్పుడల్లా బిగుసుకుని ఎగురుతా ఉంది. దాని కింద వైర్ల కట్ట. కట్ట మీద తొడుగు అరిగిపోయి, హోస్ అదిమినప్పుడల్లా లోపలి రాగి ఇనప బ్రాకెట్ అంచుకు తగులుతా ఉంది. హోస్‌ను పట్టి ఉంచాల్సిన క్లాంప్ లేదు. బోల్టు తూట్లు రెండూ ఖాళీ.

ఆ హోస్ రెండు నెలల ముందర మార్చింది మా వర్క్‌షాప్ వాళ్ళే. ఆఫీసుకు ఫోన్ చేసి జాబ్ కార్డ్ చదవమన్నాను. పని తనిఖీ చేసినట్టు దాని మీద ఉన్న సంతకం నాది. బండిని చూడకుండా, బల్ల దగ్గర కూర్చుని, పది కార్డుల మధ్యలో పెట్టిన సంతకం. పొద్దుటి నుంచి అందరి మీదా ఉన్న కోపం ఆ ఫోన్ పెట్టేసరికి నా మీదకే తిరిగింది.

వైర్ బాగు చేసి, కొత్త తొడుగు వేసి, క్లాంప్ బిగించినాను. మునియప్ప బరువుతో ఎన్నిసార్లు ఎడమకు తిప్పినా బండి నిలవలేదు. ఆడనే రిపోర్ట్ రాసినాను, నా సంతకం సంగతితో సహా. తెలుగులో చదివి వినిపించినాను. ఆయన అంతా విని, "నేను మొదటి పొద్దే చెప్పినానని కూడా రాయి సార్," అన్నాడు. రాసి, ఒక కాపీ ఆయన చేతికిచ్చినాను.

రిపోర్ట్ మార్చమని మేనేజర్ గట్టిగా అడిగినాడు. మార్చనన్నాను. ఆపరేటర్ తప్పే అని టైపు చేసిన ఇంకో రిపోర్ట్ ఫైల్లో పెట్టి, నన్ను స్పేర్ పార్ట్స్ కౌంటర్లో కూర్చోబెట్టినాడు. అయితే మునియప్ప తన కాపీ తీసుకుపోయి, కూలీలందరి ముందర సైట్ ఇంజనీరు చేతనే చదివించినాడంట. ఆ తరవాతే మళ్ళా పనిలో చేరి బండి ఎక్కినాడు.

లచ్చమ్మను చూడడానికి కృష్ణగిరి ఆస్పత్రికి పోయినాను. క్లాంప్ సంగతి, నా సంతకం సంగతి దాచకుండా చెప్పినాను. ఆమె తిట్టలేదు. మొగం గోడ పక్కకి తిప్పుకునింది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి చూడని పనికి సంతకం పెట్టలేదు. కొన్నేళ్ళకు మళ్ళా సర్వీసు పనికి వచ్చినాను. కొత్తగా చేరే ఇంజనీర్లను, ల్యాప్‌టాప్ తెరవక ముందే ఆపరేటర్ పక్కన కూర్చోబెడతాను. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయమంటాను. అది లేకుండా తెచ్చిన రిపోర్టును వాళ్ళ ముందరే చించి చేతికిస్తాను. కోపిష్టివాడని నాకు పేరు. ఉండనీ.