ఎవరూ చూడనప్పటి నడక

ఆసిఫాబాద్ బస్సులో నా పక్క సీటు పెద్దాయన పంచె మోకాలి దాకా మడిచి, చిన్న డబ్బీలోంచి నొప్పి మందు తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. కర్పూరం, లవంగనూనె కలిసిన ఆ ఘాటుకు ముందు సీటు పిల్ల ముక్కు మూసుకుంది గానీ, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ వాసన వస్తే నాకు స్టేజి గుర్తొస్తుంది, స్టేజి గుర్తొస్తే పోశెట్టి సార్ గుర్తొస్తారు. మంచిర్యాలలో డిగ్రీ చదివినప్పుడు నాకు ఇంగ్లిషు చెప్పిన సార్. ఈరోజు నేను అవే పాఠాలు ఆసిఫాబాద్‌లో చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే. మా బాపు ఇప్పటికీ నస్పూర్‌లో అరుగు మీద కుర్చీ వేసుకుని నా మీద పెత్తనం చేస్తున్నాడంటే అదీ ఆయన చలవే. ఈ రెండో సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

సార్ పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు సుద్దముక్క ఉండేది. మా సిలబస్‌లో ఒక అమెరికా నాటకకర్త ఉండేవాడు, చాలా పెద్ద పేరున్నవాడు. ఆ పేరు పరీక్షలో రాసుకుంటే చాలని, క్లాసులో మాత్రం ఆయన్ని "మనోడు" అనేవారు సార్. మనోడి నాటకాలు చాలావరకు ఒక ఇంట్లోనే నడుస్తాయి. ఒక తండ్రి, ఒక తల్లి, ఎదిగిన పిల్లలు. కష్టపడితే పైకొస్తావని అందరూ చెప్పిన మాట నమ్మి ఆ తండ్రి జీవితమంతా పరుగెత్తుతాడు. పైకి రాలేకపోయినా వచ్చినట్టే మాట్లాడుతుంటాడు. ఇంట్లోవాళ్ళకు అది తెలుసు, తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వరు. ఒకరినొకరు కాపాడుకోవాలనే దాస్తారు, ఆ దాపరికమే చివరికి ఇంటి మీదికి ముప్పు తెస్తుంది. మొదటిరోజు నేను లేచి, "అమెరికోళ్ళకు గూడ గిట్ల ఉంటదా సార్?" అని అడిగితే క్లాసంతా గొల్లున నవ్వింది. సార్ నవ్వలేదు. "ఇల్లన్నంక అన్ని దిక్కుల గిట్లనే ఉంటది. ఆళ్ళది చెక్క ఇల్లు, మీది బొగ్గు కంపెనీ క్వార్టర్. గంతే ఫరక్," అన్నారు.

వార్షికోత్సవానికి నాటకం వేయాలనుకున్నాం. మనోడి నాటకాన్ని తెలుగు చేస్తామంటే సార్ ఒప్పుకోలేదు, ఆ ఇంటిని తెచ్చి మన కాలనీలో పెట్టమన్నారు. మేమంతా కూర్చుని ఒక బొగ్గుబావి కార్మికుడి కథ అల్లాం. బావుల దగ్గర పెరగని వాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. పనిచేసే ఆరోగ్యం లేదని కంపెనీ డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. దాన్ని మావైపు "అన్‌ఫిట్ కావడం" అంటారు. ఎలాగైనా అన్‌ఫిట్ అయి పిల్లలకు నౌకరి ఇప్పించాలన్నదే మా నాటకంలో తండ్రి ఆరాటం. ఆ వేషానికి మగపిల్లలు ఎగబడ్డారు. ఒకడు మీసం మెలేసి అరిచాడు, ఇంకొకడు తాగినట్టు తూలాడు. సార్ వాళ్ళను కూర్చోబెట్టి తండ్రి వేషం ఆడపిల్లనైన నాకిచ్చారు. నేను కుడి మోకాలు పట్టుకుని కుంటుతూ నడిచాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి, అది అచ్చంగా మా బాపు నడక! మోకాలు అరిగిపోయిందని బాపు అప్పటికి కొన్ని నెలలుగా కుంటుతున్నాడు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ నొప్పి మందు రాసుకునేవాడు. ఒక్కగానొక్క బిడ్డను, ఆ నౌకరి నాకే రావాలని ఆయన ఆశ.

సార్ మాత్రం చెయ్యెత్తి ఆపేశారు. "గీ కుంటుడు ఎవలది?"

"మా బాపుది సార్."

"నువ్వు ఎదురుంగ నిలబడి సూశినవు. నువ్వు సూస్తున్నవని ఆయనకు ఎరికే. ఎవ్వలు సూడనప్పుడు ఎట్ల నడుస్తడో సూశి రా పో."

నాకు ఒళ్ళు మండింది. బాపు నొప్పిని అనుమానించడమేంటని లోపల తిట్టుకుంటూ రోజులు గడిపి, చివరికి నాటకానికి ముందురోజు వెళ్ళాను. మధ్యాహ్నం డ్యూటీ దిగివచ్చే వేళకు క్వార్టర్ల వెనక సందులో నీళ్ళ ట్యాంకు చాటున నిలబడ్డాను. చాయ్ హోటల్ ముందు బాపు కుంటుతూనే వచ్చాడు, ఎవరో పలకరిస్తే మోకాలు చూపించాడు. సందులోకి తిరిగాడు. మనుషులు లేరు. కాలు చక్కగా అయిపోయింది! నేను నోరు తెరిచి చూస్తున్నాను. నవ్వు రాబోయింది కూడా. అంతలో బాపు ఆగిపోయాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి ఛాతీ మీద అదిమి వంగిపోయాడు. ముఖమంతా చెమట. చాలాసేపు అలాగే ఉండి, తువ్వాలతో తుడుచుకుని, మా వీధి మలుపు రాగానే మళ్ళీ కుంటడం మొదలుపెట్టాడు. లేని నొప్పి ఊరందరికీ చూపిస్తూ, ఉన్న నొప్పి ఎవరికీ తెలియకుండా మోస్తున్నాడు మా బాపు.

మరునాడు సాయంత్రమే నాటకం. ఆ పొద్దున్నే సార్ దగ్గరికి పరుగెత్తి, ఏడుస్తూ అంతా చెప్పాను. ఇంటికి పోయి నిలదీస్తానన్నాను. సార్ సుద్దముక్క చేతిలో తిప్పుతూ నన్ను కూర్చోమన్నారు.

"అడిగితె ఏం లేదంటడు. రేపటి సంది ఇంకింత మంచిగ దాస్తడు. మనోడి నాటకాలల్ల సూశినవు గదా, నిలదీస్తె ఏ తండ్రన్న ఒప్పుకున్నడా? నువ్వు సూశింది సూశినట్టు స్టేజి మీద చెయ్యి. మీ అవ్వను, బాపును ముందు వరుసల కూసోబెట్టే పని నాది."

చెప్పినట్టే మా అమ్మానాన్నలిద్దరినీ ఆటోలో ఎక్కించుకొచ్చారు. నేను స్టేజి ఎక్కేముందు నా మోకాలికి నొప్పి మందు దట్టంగా పూయించారు, వాసన కూడా వేషమేనని. నేను కుంటుతూ రాగానే హాలంతా ఈలలు. కాలనీ జనానికి ఆ నడక ఎరుకే మరి. బాపు అందరికంటే గట్టిగా నవ్వాడు. కొడుకు వేషం వేసినవాడు లోపలికి వెళ్ళిపోగానే నేను కాలు చక్కగా చేసి నాలుగడుగులు నడిచాను. నవ్వులు ఇంకా పెరిగాయి. అప్పుడు ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఛాతీ అదుముకుని వంగాను. ఓరగా చూశాను. బాపు ముఖంలో నవ్వు లేదు. అవ్వ స్టేజి వైపు చూడడం మానేసి బాపు వైపు తిరిగింది.

నాటకం అయ్యాక సైకిల్ స్టాండ్ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. "గంతగనం సూశినవా బిడ్డా?" అన్నాడు బాపు.

"ఎన్ని దినాల సంది?" అవ్వ బాపు చెయ్యి పట్టుకుంది.

"మోకాలుకు అన్‌ఫిట్ అయితె మనిషి బతికుంటడు. ఛాతీ అంటె మీరు పరేషాన్ అయితరు. అందుకే చెప్పలే."

మరునాడే కరీంనగర్ దవాఖానకు తీసుకెళ్ళాం. గుండెకు పోయే రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. వైద్యమయ్యాక బాపుకు బావి పైన తేలిక పని ఇచ్చారు, రిటైరయ్యే దాకా అదే చేశాడు. ఆయన అన్‌ఫిట్ కాలేదు కాబట్టి నాకు నౌకరి రాలేదు. వచ్చే నౌకరిని నాటకంతో పోగొట్టుకున్నానని బాపు చాలాకాలం అలిగాడు. అలగడానికి మనిషి ఉన్నాడు కదా అని అవ్వా నేనూ నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు మనోడి నాటకం చెప్పేటప్పుడు నేను పాత్రల గుణగణాలు రాయించను. ఈ మనిషి ఏం చూపిస్తున్నాడు, ఏం దాస్తున్నాడు అని అడుగుతాను. క్లాసు బయటా అంతే. "ఏం లేదు మేడం" అని నవ్వి వెళ్ళిపోయే పిల్లను గేటు దాటేదాకా చూస్తాను. అలా చూసి, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడిన పిల్లలున్నారు. పిలిచినందుకు ఒక్కరూ కోపం తెచ్చుకోలేదు.

సార్ పోయి ఏడాది దాటింది. పోయే ముందు కరీంనగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. జబ్బు సంగతి ఎత్తితే, "నాకేం ఫికర్ లేదు, నీ సంగతి చెప్పు," అని మాట మార్చారు. జోకులేశారు. వద్దంటున్నా గేటు దాకా చకచకా నడిచొచ్చి చెయ్యి ఊపారు. నేను వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. ఆయన నేర్పిందే కదా! సార్ రెండు చేతులతో గేటు పట్టుకుని, తల వాల్చి, ఊపిరి కోసం తంటాలు పడుతున్నారు. తలెత్తి నన్ను చూశారు. ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ముఖమంతా నవ్వారు.

"దొరికిపోయిన గదనే స్వరూపా!"

వెనక్కి పరుగెత్తి చెయ్యందించాను. సార్ తన బరువంతా నా చేతి మీద వేశారు. వాకిలి దాకా ఇద్దరం మెల్లగా నడిచాం, ఆయన ఆగిన చోటల్లా ఆగుతూ. చకచకా నడవాలని ఆయన ఇక ప్రయత్నించలేదు.