రాయచూరు కోట కింద నాకు అంటగట్టిన సొట్ట

మా సుభద్ర పెద్దమ్మ హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చి మూడు వారాలైంది. వరి కోతలు దగ్గరపడుతున్నాయని తెలిసిన దగ్గర్నుంచి ఆమెకు కాలు నిలవడం లేదు. ఆమెది సింధనూరు దగ్గర ఒక క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వెళ్లిన రైతులు కట్టుకున్న ఊరు. పెళ్లయిన కొత్తలో పెదనాన్నతో భీమవరం వైపు నుంచి వచ్చి, తుంగభద్ర కాలువ కింద పొలం కొనుక్కుని అక్కడే ఉండిపోయారు. బస్సెక్కిద్దామన్నారు మా ఆయన. నేను కారులో దింపి వస్తానన్నాను. అన్నాక నాకే గుండె జారింది. లైసెన్సు చేతికొచ్చి ఏడాది కాలేదు, నగరం దాటి బండి నడిపిన పాపాన పోలేదు. "ఎక్కడైనా ఇబ్బందైతే ఫోన్ చెయ్యి, డ్రైవర్‌ని పంపిస్తాను" అన్నారాయన ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది. ఈ ప్రయాణంలో ఎక్కడ చిన్న గీత పెట్టినా మళ్లీ స్టీరింగ్ ముట్టనని పంతానికి పోయి అనేశాను.

తెల్లవారుజామున అయిదున్నరకు బయల్దేరాం. ఆ రోజు అమావాస్య. ప్రయాణమేమిటని మా అత్తగారు గొణిగితే పెద్దమ్మ నవ్వేసింది. "మా కర్ణాటక వైపు అమావాస్యంటే బళ్లకి పండగేనండి వదినగారూ" అంది. నిజమే. మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా వెళ్లి కృష్ణ వంతెన దాటగానే ఎదురొచ్చే లారీలన్నీ పూలదండలతో, నిమ్మకాయలతో కనిపించాయి. శక్తినగర్ దగ్గర రోడ్డంతా బరువు లారీలు. వాటి వెనక నేను ఎంత నెమ్మదిగా నడిపానంటే, ఒక ట్రాక్టరతను దాటిపోతూ జాలిగా చూశాడు. చిక్కసూగూరు మీదుగా రాయచూరులోకి వచ్చేసరికి పదిన్నరైంది. ఆగకుండా వస్తే ఇంకో అరగంట ముందే చేరవచ్చు.

బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో మండక్కి ఒగ్గరణె తిన్నాం. మరమరాలు నానబెట్టి వేసిన తాలింపు అది, పక్కన మిర్చి బజ్జీ ఉంటుంది. ప్లేటు నలభై రూపాయలు. నా కళ్లలో నీళ్లు చూసి వండే ఆమె బయటికొచ్చింది. "కారం జాస్తి అయిందా అక్కా? ఆగు, పెరుగేస్త" అని అడక్కుండానే గిన్నె తెచ్చింది. పెరుగుకు డబ్బులు తీసుకోలేదు.

ఇన్నేళ్లూ బస్సులో కోట కింద నుంచి పోవడమే గానీ ఒక్కసారీ పైకెక్కలేదంది పెద్దమ్మ. సరే చూద్దామని, దగ్గర్లో తాడు కట్టి పార్కింగ్ నడుపుతున్న ఒక ఖాళీ స్థలంలోకి కారు తిప్పాను. ముప్పై రూపాయలు తీసుకుని చీటీ ఇచ్చినతను, "ఈడ పెట్టుండ్రి అక్కా, నేనున్న, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఒక తెల్ల కారు పక్కన, రెండుసార్లు ముందుకూ వెనక్కూ తీసి ఎలాగో పెట్టాను. కోట సగం ఎక్కి, గాలి తగిలే చోట కూర్చుని, ఊరంతా చూసి దిగొచ్చాం.

వచ్చేసరికి తెల్ల కారతను నడుం మీద చేతులు పెట్టుకుని మా కోసమే నిలబడి ఉన్నాడు.

"ఏందక్కా, గిట్ల కొట్టి చెప్పకుంట పోతవా? ఎంత సొట్ట పడ్డదో చూడు" అంటూ వెనక తలుపు చూపించాడు. సొట్ట అరచేయంత ఉంది.

పార్కింగతను వంత పాడాడు. "నేను కండ్లార చూసిన అక్కా. నువ్వు రివర్స్ తీస్తుంటె తగిలె."

నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "సారీ అండీ, చూసుకోలేదు" అనేశాను.

"షెడ్డుకు పోతె పదివేలు అయితది. ఐదువేలు ఫోన్ల కొట్టి పో, పంచాయితీ ఎందుకు" అన్నాడతను.

ఫోన్ తీశాను. డబ్బు సంగతి తర్వాత, ఇక బండి నా చేతిలోంచి పోయినట్టే. డ్రైవర్‌ని పంపమని మా ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో అని ఆలోచిస్తున్నాను.

ఈలోగా పెద్దమ్మ తెల్ల కారు చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగొచ్చింది. "పూజ బాగా చేశావయ్యా. నాలుగు తలుపులకీ విభూతి పెట్టావు, ఒక్కటీ వదల్లేదు. పొద్దున్నే చేశావా?"

అతని ముఖం వికసించింది. "పొద్దుగాల్నే అమ్మా, తానం చేసి. మా ఇంట్ల అమావాస్య పూజ ఎన్నడు తప్పది."

"మంచిదే నాయనా. మరి మా కారు గుద్దితే ఆ విభూతి చెదరలేదేం? సొట్ట అడుగున బొట్టు కుదురుగా కూర్చుందే."

నేను వంగి చూశాను. విభూతి గీతలు మూడూ గతుకుల వాకిట్లో వేసిన ముగ్గులా సొట్టలోకి దిగి, మళ్లీ పైకెక్కాయి. ఎక్కడా తెగలేదు. సరిగ్గా మధ్యలో కుంకుమ బొట్టు. మా బంపరు మీద దారిలో పడిన దుమ్ము తప్ప విభూతి రవ్వయినా లేదు. పాపం, భక్తిలో పడి పాత సొట్టకు కూడా పూజ చేసేశాడు.

"అది... రాలిపోతె మళ్ల పెట్టిన" అని నసిగాడతను.

"అయితే బండి మీద చెయ్యేసి చెప్పు, ఈ సొట్ట ఇప్పుడే పడిందని. పూజ చేసిన బండేగా" అంది పెద్దమ్మ.

అతని చెయ్యి జేబులోకి పోయింది గానీ బండి మీదకు రాలేదు. అక్కడే నిలబడి చూస్తున్న ఆటో డ్రైవరొకడు, చెప్పవయ్యా చెప్పు అన్నట్టు "హేళప్పా, హేళు" అని కన్నడంలో రెచ్చగొట్టాడు. చుట్టూ నవ్వులు. నేను పోలీసులకు, 112కి ఫోన్ చేస్తానని గట్టిగా అనేసరికి, "పొరపాటైంది పోనీ అమ్మా" అంటూ అతను కారెక్కి వెళ్లిపోయాడు. మా కారు తీయబోతుంటే పార్కింగతను ఏమీ జరగనట్టే వెనక నిలబడి, "రానీ అక్కా, రానీ, జాగా మస్తుంది" అని చేతులూపడం మొదలుపెట్టాడు. అద్దాలున్నాయి, నువ్వు పక్కకు జరగమన్నాను. ఒక్కసారిలోనే కారు బయటికొచ్చింది.

మాన్వి దాటి సింధనూరు వైపు వెళ్తుంటే, రెండు గంటల దారిలో ఎక్కువ భాగం పసుపు తిరుగుతున్న వరి చేలే. పెద్దమ్మ చేలు చూస్తూ ఉన్నట్టుండి అడిగింది. "వాడు అనగానే సారీ చెప్పేశావేంటే?" పొద్దున్న ఇల్లు కదిలినప్పటి నుంచీ, ఎవరో ఒకరు వచ్చి నువ్వే గుద్దావంటారని ఎదురుచూస్తూనే ఉన్నాను. అతను వచ్చి ఆ మాట అన్నాడంతే. అతను నన్ను మోసం చేయబోయాడనే కోపం క్యాంపు చేరేలోపే తగ్గింది. అతని మాటను అందరికంటే ముందు నేనే నమ్మానన్న కోపం మాత్రం ఇంకా ఉంది.

మర్నాడు ఒక్కదాన్నే తిరిగొచ్చాను. మీరు వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి: కారు నిలపగానే మీ కారు చుట్టూ, అటూ ఇటూ ఉన్న బండ్ల వైపూ ఫోన్‌తో వీడియో తీసుకోండి, నిమిషం కూడా పట్టదు. ఇల్లు చేరాక మా ఆయన కూడా కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి వంగి చూశారు. చూడనిచ్చాను. తాళం కోసం చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.