ఆపరేషన్ బల్ల మీద బేరం

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే, అదీ గుండె జబ్బుల టెక్నీషియన్ కోర్సులో. మొన్న ఉద్యోగం ఆర్డరు కూడా వచ్చింది. ఆ సంతోషం చెప్పుకుందామనే కూర్చున్నాను. కానీ ఇది దాచి అది చెప్పలేను.

మా నాన్న ఆగిరిపల్లిలో మామిడికాయల దళారి. ఆయన తరం దళారులు నలుగురిలో బేరం నోటితో ఆడరు. తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటివాళ్ల వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పడితే అంత. ఎదుటివాళ్లూ అన్నే పట్టుకుంటే బేరం ఖాయం. చిన్నప్పుడు నాకు ఆటలాగా నేర్పారు.

ఆయనకి ఉన్నట్టుండి గుండె విపరీతంగా కొట్టుకునేది. రెండుసార్లు తోటలోనే పడిపోయారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి కాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపి, లయ తప్పిస్తున్న చోటుని కాల్చేయాలన్నారు. నేను ట్రైనింగ్‌లో ఉన్న ఆసుపత్రిలోనే చేయించాం. పట్టపగలు, పదకొండింటికి. నేనూ లోపలే ఉన్నాను. ఆ ఉదయమే నా రిజల్ట్ వచ్చింది. ఆయనకింకా చెప్పలేదు.

కాల్చడం మొదలైన కాసేపటికి మానిటర్‌లో గీత చదునైపోయింది. ఒకటి రెండు సెకన్లు అలా ఆగడం చూశాను. ఇది ఆరు దాటింది.

నాన్న చెయ్యి పట్టుకుందామని పక్కనుంచి, ఆయన మీద కప్పిన గుడ్డ కింద చెయ్యి పెట్టాను. అప్పటికే అక్కడున్న ఒక చల్లటి చెయ్యి నా వేళ్లు పట్టుకుంది. ఐదూ కలిపి, బేరం పట్టు. భయంతో నేనూ ఆ ఐదు వేళ్లూ బిగించి పట్టేశాను. వెంటనే అది వదిలేసింది. మానిటర్‌లో గుండె మళ్లీ కొట్టుకుంది.

గుడ్డ ఎత్తి చూశాను. నాన్న చెయ్యి బల్లకి బెల్టుతో కట్టే ఉంది. వేలికి ఆక్సిజన్ క్లిప్ ఉంది. నన్ను పట్టుకున్న చేతికి క్లిప్ లేదు.

తర్వాత చెబితే, కంగారులో అలా అనిపిస్తుందమ్మా అన్నారు డాక్టరుగారు. నేనూ అదే అనుకున్నాను.

సాయంత్రం మత్తు పూర్తిగా వదిలాక, రిజల్ట్ చెబుదామని పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే నాన్న అన్నారు.

"మధ్యలో నువ్వెందుకమ్మా చెయ్యి పెట్టావ్? నేను ఒకటి దగ్గరే గట్టిగా ఉన్నాను. నువ్వు ఐదుకి ఒప్పేసుకున్నావ్."

"ఐదేంటి నాన్నా?"

ఆయన నా తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

ఇప్పుడు ఆయన గుండె బాగుంది. తోటలకి వెళ్తున్నారు. ఆ ఐదూ ఏళ్లే అయితే, ఆయనకిచ్చినవో, నా దగ్గర తీసుకునేవో నాకు తెలియదు. అసలు ఏళ్లేనో కాదో కూడా తెలియదు. అడిగినప్పుడల్లా నాన్న అన్నం తిన్నావా అంటారు.