బీపీ మిషన్ ముందు నా నిగ్రహం

నిన్న మా వీధిలో నా పరువు ఎట్లా పోయిందో వినండి. ఎవరూ తీయలేదు, చొక్కా చెయ్యి మడిచి నేనే ఇచ్చుకున్నాను!

మాది చిత్తూరు. నాకు అరవై దాటింది. తెల్లవారకముందే లేచి నడుస్తాను, కాఫీ ముట్టను. నిగ్రహం లేనివాళ్లకే బీపీ వస్తుందని నమ్మినవాణ్ణి. మా ఆవిడ రాజమ్మకు బీపీ అని తెలిసిన రోజే మామిడి ఊరగాయ జాడీని అటకెక్కించేశాను. "నాలుక అదుపులో ఉంటే నీకీ గతి పట్టేదా!" అన్నాను. అప్పటినుంచి ఆమె నాకు వీపు తిప్పి మాత్ర మింగేది.

నిన్న కల్యాణమండపంలో ఉచిత వైద్యశిబిరం పెట్టారు. రాజమ్మను పిలుచుకొని పోయాను. ఆమె బీపీ చక్కగా ఉంది.

"నాకూ చూడమ్మా, అందరికీ తెలియనీ" అని నర్సు ముందు కూర్చున్నాను. వెనకాలే పక్కింటి మునిరత్నం ఉన్నాడు. అతనికి నిగ్రహం గురించి నాలుగు మాటలు చెప్పసాగాను.

"పెద్దాయనా, మాట్లాడొద్దండి. నంబరు ఎక్కువ చూపిస్తాది" అంది నర్సు.

చూపించింది. నూట డెబ్బై!

"మీ మిషన్ చెడిపోయింది!" అని అరిచాను. మళ్లీ చూసింది. ఇంకా పెరిగింది!

"అన్నా, రోంతసేపు ఊరకుండలేవా?" అన్నాడు మునిరత్నం. మండపమంతా నవ్వు.

డాక్టరు నన్ను పక్కన కూర్చోబెట్టి, కాసేపాగి తానే చూశాడు. తగ్గింది గానీ, ఎక్కువే.

"వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు గట్టిపడతాయి. పై నంబరు పెరుగుతుంది. ఎంత పద్ధతిగా బతికినా రావచ్చు, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఉప్పు తగ్గించి, మళ్లీ వచ్చి చూపించుకోండి."

ఎవరి తప్పూ లేదు అనగానే రాజమ్మ నావైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఇంటికి రాగానే స్టూలు వేసుకొని జాడీ దించింది. "నాకు అందదనే గదా పైన పెట్టినావు. ఇప్పుడు నీకు అందకూడదు గదయ్యా" అంటూ పక్కింట్లో ఇచ్చేసి వచ్చింది.

ఈ పొద్దున గోడ మీంచి మునిరత్నం పలకరించాడు. "అన్నా, ఊరగాయ శానా బాగుండాది! ఇన్నాళ్లూ యాడ దాచినావప్పా?"

ఉప్పు తగ్గించుకోమని చెప్పబోయాను. రాజమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. గమ్మున ఉండిపోయాను.

ఆ నిమిషంలో ఎవరైనా మిషన్ తెచ్చి ఉంటే, నా నంబరు తప్పకుండా దిగేది!