మగ్రిబ్ వేళ పరీక్ష

నేను చేసే ఉద్యోగమేమిటో మా మామగారు అబూ లైత్‌కి పెళ్లయిన నాటి నుంచీ అర్థం కాలేదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో నాలాంటి అల్లుణ్ణి నలుగురికీ పరిచయం చేయడం కష్టమే. నాది క్లౌడ్ స్టోరేజిని పరీక్షించే పని. ఫైలుకో పేరు పెట్టి లోపల పడేస్తే, ఆ పేరు చెప్పగానే తెచ్చిచ్చే గోదాం లాంటిది అది. తేవడానికి ఎంతసేపు పడుతోందో, కస్టమర్ల పాత సాఫ్ట్‌వేర్లతో దానికి పొత్తు కుదురుతుందో లేదో చూసి చెప్పాలి.

"అంటే నువ్వు చేసేదేమీ లేదు, చేసినవాళ్లకి వంకలు పెడతావు," అని ఆయన ఏటా రంజాన్‌లో తన ఇంటి ఇఫ్తార్ విందుల్లో చుట్టాలందరి ముందూ తేల్చేసేవాడు. అందులో అబద్ధం లేదు కాబట్టే నాకు ఒళ్లు మండేది.

అందుకే ఈ రంజాన్‌లో ఆసుపత్రి పని వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పండగ కాగానే ఒక ఆసుపత్రి తన స్కాన్ ఫొటోలన్నీ మా స్టోరేజిలోకి మార్చబోతోంది. నా భార్య అబీర్ పనిచేసేది ఆ ఆసుపత్రి స్కానింగ్ విభాగంలోనే. పరీక్షలు మగ్రిబ్ వేళ, అంటే పొద్దుగూకి అందరూ ఉపవాసం విడిచేటప్పుడు నడుపుతానని, అప్పుడైతే ఆఫీసు ప్రశాంతంగా ఉంటుందని మా బాస్ ఉస్తాద్ నిదాల్‌కి చెప్పాను. ఇఫ్తార్ కూడా వదులుకుంటున్నానని ఆయనకి కళ్లు చెమర్చాయి. నేను వదిలించుకుంటున్నది మామగారినని ఆయనకేం తెలుసు!

మసీదు నుంచి అజాన్ వినపడగానే ఖర్జూరం నోట్లో వేసుకుని పరీక్ష మొదలుపెట్టేవాణ్ణి. ఆసుపత్రివాళ్ల సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీ స్టోరేజికి అలవాటు పడింది. అది అడిగిన తీరులోనే మాది జవాబివ్వాలి. పెద్ద స్కాన్‌ని ముక్కలుగా పంపితే అతికించింది, జాబితా అడిగితే ఇచ్చింది, చెరపమంటే చెరిపింది. ఇక వేగం సంగతి సరేసరి. డాక్టర్లందరూ ఒక్కసారే అడుగుతున్నట్టు మీద పడ్డా రెప్పపాటులో ఫొటోలు తెచ్చి పెట్టింది. నిదాల్ ఆ గ్రాఫ్ ప్రింటు తీయించి కాఫీ మెషీన్ పక్కన అంటించాడు. రంజాన్‌లో పగలు అటు ఎవరూ పోరు కాబట్టి నేనే వెళ్లి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు మామగారు నన్ను ఇఫ్తార్‌కి తీసుకుపోవడానికి మధ్యాహ్నమే కారేసుకుని ఆఫీసు గేటు దగ్గరికే వచ్చేశాడు. తప్పించుకునే దారి లేక పరీక్షను అప్పటికప్పుడే నడిపాను. ఫొటోలు నత్తనడక నడిచాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పరీక్ష నడిపే మెషీన్ పాడైందని తీర్మానించి ఆ ఫలితం చెరిపేసి కారెక్కాను.

భోజనాల దగ్గర ఇదంతా తమాషాగా చెప్పాను. అబీర్ గరిటె కింద పెట్టింది.

"మిగతా రోజులు ఎప్పుడు నడిపావు?"

"మగ్రిబ్‌కి."

మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ వేళకి అమ్మాన్‌లో దొంగలు కూడా సూప్ తాగుతుంటారు కదయ్యా. ఖాళీ రోడ్డు మీద బండి నడిపి డ్రైవర్‌నన్నావన్న మాట."

అబీర్ నవ్వలేదు. "పండగయ్యాక ఆ తెర ముందు కూర్చునేది నేను. ఫొటో రాక డాక్టరు నా మొహం చూస్తుంటే, పేషెంటు మంచం మీద వణుకుతుంటే, నీ గ్రాఫ్ చూపించమంటావా?"

అప్పటికి నాకు బుర్రకెక్కింది. మా మెషీన్లనీ లైన్లనీ పగలు బ్యాంకులూ దుకాణాలూ అన్నీ కలిసి వాడతాయి. ఊరంతా సూప్ ముందు కూర్చున్నప్పుడు నేను వేగం కొలిచాను. ఉన్నవాటిలో నిజమైన పరీక్ష ఒక్కటే, దాన్ని నేనే చెరిపేశాను.

మర్నాడు నిదాల్‌కి చెప్పబోతే, ఆసుపత్రివాళ్లని ఆఫీసులో ఇఫ్తార్‌కి పిలిచానని, అజాన్ కాగానే ప్రదర్శన ఉంటుందని ఆయనే ఉత్సాహంగా చెప్పాడు. విషయం విన్నాక మొహం మాడ్చుకున్నాడు. ఈ ఒక్కసారి గడిచిపోతే తర్వాత సరిచేసుకుందాం అన్నాడు. నేను పిరికివాణ్ణి, సరే అనేవాణ్ణే. కానీ ఆ ఇఫ్తార్‌కి అబీర్ కూడా వస్తోంది. నిదాల్ కన్నా అబీర్ అంటేనే నాకు భయం. దీన్నే బయటివాళ్లు నిజాయితీ అంటారు.

ఆ సాయంత్రం అందరూ ఖర్జూరాలు చేతబట్టుకుని అజాన్ కోసం చూస్తున్నారు. నిదాల్ గ్లాసుల్లో నీళ్లు పోస్తుండగా నేను అజాన్‌కి ముందే పరీక్ష మీట నొక్కేశాను. ఆ కాసేపట్లోనే ఊరంతా ఫోన్లలో ఖతాయెఫ్ మిఠాయిలు ఆర్డరిస్తుంది, ఎక్కడిదాకా వచ్చావని ఒకళ్లనొకళ్లు అడుగుతుంది. తెర మీద ఎవరిదో ఊపిరితిత్తి పైనుంచి కొంచెం కొంచెం కిందికి దిగుతోంది. నిదాల్ చేతిలో కూజా అలాగే ఉండిపోయింది. స్కానింగ్ విభాగం పెద్ద డాక్టర్ సుహైర్ కుర్చీ ముందుకి జరుపుకుని చూస్తోంది.

అజాన్ మొదలైంది. ఖర్జూరం ఒక్కొక్కరి నోట్లో పడింది. కాసేపటికి ఊరు సద్దుమణిగింది, మిగతా ఊపిరితిత్తులన్నీ టపటపా వచ్చి వరసగా నిలబడ్డాయి.

డాక్టర్ సుహైర్ గింజ తీసి పళ్లెంలో పెట్టింది. "అయితే మా పేషెంట్లందరినీ అజాన్ అయ్యాకే జబ్బు పడమనాలా?"

"వద్దు డాక్టర్. పండగకి ఇది మీకివ్వలేం. పగలు రద్దీలో నిలబడ్డాకే ఇస్తాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆ పరీక్ష మా స్కానింగ్ గదిలోనే చేయండి," అంది ఆవిడ. "పొద్దున్నే, పేషెంట్ల మధ్య కూర్చుని. అప్పుడు తీసుకుంటాం."

నిదాల్ లేచి వెళ్లి కాఫీ మెషీన్ పక్కనున్న గ్రాఫ్ పీకేశాడు.

అబీర్ సూప్ గిన్నె నా ముందుకి జరిపింది.

"తాగు," అంది. "రేపట్నుంచి మగ్రిబ్‌కి నీకు పనేం లేదు. రోజూ ఇఫ్తార్‌కి వస్తావని మా నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను."